కొలత రేకు

ఏడాది నివేదిక కాగితంలో
"పాప సర్దుకుందా?" అన్న ప్రశ్న కింద
మూడు గీతలే ఇచ్చారు.
నా అక్షరాలు లావు,
ఇరవై ఏళ్లు తడి ఇసుకలో గోకుడుపార పట్టిన చేయి మరి.
మూడు గీతల్లో ఏం పడుతుంది?

మార్చిలో వచ్చింది ఉషీయా, నాలుగున్నరేళ్లది.
సంటియాగోలో వాన, ఇక్కడా వాన,
మధ్యలో గంటసేపు కారు వైపర్లనే చూస్తూ కూర్చుంది.
గుమ్మంలో బూట్లు విప్పమంటే విప్పలేదు.
బూట్లతోనే పడుకుంది, పదకొండు రాత్రులు.
పన్నెండో రాత్రి ఒకటి విప్పింది.
రెండోది మే నెల దాకా కాలికే ఉంది.

"దీనికి రెండో కాలు ఇంకా మనింటికి రాలేదమ్మా"
అన్నాడు మా పదేళ్ల ఆన్‌షో.
నవ్వాను.
తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని
ఆ చప్పుడులో ఏడ్చాను.

మా అత్త దోసిందా ఏమీ అడగలేదు.
ఆకుకూర చారు గిన్నె నిండా పోసి,
రెండోసారీ పోసి,
"ముక్కు ఎవరిదో గానీ
ఆకలి మాత్రం మా వంశానిదే" అంది.

జూన్‌లో ఒకరోజు ఒడ్డుకు తీసుకెళ్లాను.
సముద్రం వెనక్కి తగ్గిన వేళ
నలభై మంది ఆడవాళ్లం నడుములు వంచి
ఇసుక గీరి గుల్లలు ఏరుతాం.
మెడలో తాడుకి కొలత రేకు.
దాని సందులోంచి గుల్ల జారిందా, నీళ్లలోకి.
ఇరుక్కుందా, బుట్టలోకి.
"చిన్నవాటిని ఏం చేస్తావు?"
చేయి పనిలో ఉంది, నోరు దాని దారిన అది అనేసింది:
"వెనక్కి పంపించేస్తాం."

ఆ సాయంత్రమే తలుపు చట్రం దగ్గర నిలబడమన్నాం.
ఆన్‌షో ఎత్తు గీతలున్నాయి అక్కడ, ఏడాదికొకటి.
బ్రాయిస్ పెన్సిల్ తీశాడో లేదో
బల్ల కిందికి దూరింది,
లాగబోతే చేయి కొరికింది.
ఎండ దెబ్బ అనుకున్నాం.
తలా ఒక మాట అనుకున్నాం.
పెద్దవాళ్లం కదా, కారణాలకేం తక్కువ?

సెప్టెంబరులో ఒక అర్ధరాత్రి వంటింట్లో దీపం.
కుర్చీ ఎక్కి, కొక్కెం నుంచి రేకు తీసి,
దాని సందులో తన చేయి పెట్టి చూస్తోంది.
చాపిన చేయి ఇట్టే దూరిపోతోంది.
తీసి, వేళ్లు ముడిచి, పిడికిలి బిగించి,
బుగ్గలు కూడా పూరించి
మళ్లీ పెడుతోంది.

జూన్ మాట అప్పుడొచ్చి తగిలింది నాకు.

నేను మాటకారిని కాను.
మంచి జవాబు మర్నాడు తోచింది, ఎప్పటిలాగే.
ఆ క్షణాన చల్లటి గచ్చు మీద కూలబడి
"అది గుల్లలకి తల్లీ, మనుషులకి కాదు" అన్నాను.
"మరి మనుషులకి ఏ రేకు?"
"లేదు."
నమ్మలేదు.
కానీ ఒళ్లోకి వచ్చి కూర్చుంది,
నిద్రపోయేదాకా పిడికిలి విప్పలేదు.

ఆ తర్వాత గొప్పగా ఏమీ జరగలేదు.
జలుబులు, ఒక పన్ను,
బడిలో ఎవరినో తోసేసిందని ఫిర్యాదు.
దోసిందా ఆసుపత్రి పాలై, తిరిగొచ్చింది.
ఆ వారం రోజులూ ఉషీయా
ముసలమ్మ కంచం బల్ల మీంచి తియ్యనివ్వలేదు.

మొన్న ఫిబ్రవరిలో, వాన కురిసే ఆదివారం,
రేకు పట్టుకుని ఇల్లంతా కొలిచింది.
కుక్క తోక జారిపోయింది.
బ్రాయిస్ ముక్కు జారిపోయింది,
నన్ను పంపెయ్యకు తల్లీ అని వాడు బతిమాలాడు.
ఆలోచించి చెబుతానంది.
చివరికి నా మణికట్టు.
అటు తోసింది, ఇటు తోసింది.
"ఇరుక్కుంది" అని చెప్పి
రేకు నా చేతికే వదిలేసి
రొట్టె తినడానికి వెళ్లిపోయింది.

తలుపు చట్రం మీద దాని గీత ఇంకా పడలేదు.
అడగడం మానేశాం.

పాప సర్దుకుందా?
రాశాను, లావు అక్షరాలతోనే:
బూట్లు గుమ్మం దగ్గర ఉన్నాయి.
రెండూ.
వేళ్లు బిగుస్తున్నాయట, ఒక సైజు పెద్దవి కొనాలి.